లింకరు ఊరుకున్న రోజు

చిరంజీవి కామాకు,

నానమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ అక్కడ క్షేమమని తలుస్తాను అని రాయబోయి ఆగాను. జలుబు చేసిందని నీ ఉత్తరంలో నువ్వే రాశావు కదా. ఆఫీసులో నిన్ను కూర్చోబెట్టిన చోట కిటికీ సరిగ్గా మూతపడదనీ, బాగుచేయించమని అడగడానికి మొహమాటంగా ఉందనీ రాశావు. నీకు మొహమాటమా. మాట్లాడడం మొదలుపెడితే చుక్క పెట్టడం చేతకాకే కదా ఇంట్లో నీకు కామా అని పేరు పడింది. సోమవారం వెళ్ళగానే కిటికీ సంగతి అడుగు. లేదంటే మీ మేనేజరు పేరున నేను ఒక ఉత్తరం రాస్తాను. నా ఉత్తరాలు ఎలా ఉంటాయో నీకు తెలుసు.

మా క్షేమం కాస్త వివరంగా. మీ నాన్న రైలు డ్యూటీ దిగి పొద్దున్నే ఇంటికొచ్చి పడుకున్నాడు, ఇంకా లేవలేదు. మీ అమ్మకు ఇవాళ ఆసుపత్రికి సెలవు, కాబట్టి ఆమెకూ మీ నాన్నకూ తప్ప ఇంట్లో ఎవరికీ విశ్రాంతి లేదు. మీ తాతయ్య కింద కొట్టులో ఏదో పుస్తకానికి అట్ట కడుతున్నారు. నా ఎడమ మోకాలు మెట్లెక్కేటప్పుడు తన అభిప్రాయం చెబుతోంది, దిగేటప్పుడు దాన్ని మార్చుకుంటోంది.

ఇంత పొడుగు ఉత్తరం ఎందుకు, ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు ఊ కొడుతూ వేరే పని చేసుకుంటావు, కీబోర్డు చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంటుంది. కాగితం దగ్గర ఊ కొట్టడం కుదరదు.

నువ్వు మూడు సంగతులు అడిగావు. మోకాలికి మాత్రలు వేసుకుంటున్నానా అన్నది ఒకటి. తాతయ్య కొట్టు అద్దెకివ్వడానికి నిజంగా ఒప్పుకున్నాడా, ఒప్పుకుంటే ఏ మాటల్లో ఒప్పుకున్నాడు అన్నది రెండు. తాతయ్య కోసం నువ్వు పంపిన పెట్టె మాట్లాడిందా అన్నది మూడు. మాత్రలు వేసుకుంటున్నాను. పెట్టెది పెద్ద కథ, ముందు అదే చెబుతాను. రెండోదానికి తర్వాత వస్తాను. వరస తప్పానని గమనించి ఉంటావు. గమనిస్తే గమనించావు, చదువు.

పాత పెట్టె ఎలా పోయిందో మీ అమ్మ నీకు ఫోనులో ఒక్క ముక్కలో చెప్పి ఉంటుంది, జారిపడిందని. అసలు జరిగింది ఇది. కొట్టు గుమ్మానికి అడ్డంగా ఎవరో లారీ పెట్టి టీ తాగుతున్నాడు. మీ తాతయ్య మేడ మీద కిటికీలో పెట్టె పెట్టి, సౌండు పూర్తిగా పెంచి, "బండి తియ్యి" అని అక్షరాలు కొట్టి, చెప్పిందే చెప్పే మీట నొక్కారు. చెయ్యి తగిలి పెట్టె కిటికీలోంచి పోయి లారీ మీద కప్పిన పట్టా మీద పడింది. డ్రైవరు అదేమీ చూడలేదు. నెత్తి మీద ఎవరో అరుస్తున్నారని మాత్రం అర్థమై గ్లాసు పడేసి బండి తీశాడు. పెట్టె అలాగే "బండి తియ్యి, బండి తియ్యి" అనుకుంటూ వీధి చివరిదాకా ఊరేగి, మలుపు దగ్గర కిందపడి, వెనక వస్తున్న ఇంకో లారీ కింద ప్రాణం వదిలింది. చెప్పిన పని జరిపించుకునే పోయింది కాబట్టి నేను పెద్దగా విచారించలేదు.

ఆ పెట్టెలో గొంతు నేను రాసింది. తాతయ్యకు గొంతు ఆపరేషన్ జరిగి మాట పోయినప్పుడు నీకింకా పాలపళ్ళు ఊడుతున్నాయి, గుర్తుండదు. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలకు సి భాషలో ప్రోగ్రాములు రాశాను. వాటితో జనం మాట్లాడుకున్నారు కదా, ఒక్క మనిషి కోసం రాయలేనా అనుకుని కూర్చున్నాను. అక్షరాలు కొడితే మాట వచ్చేది. మధురంగా వచ్చేదని చెప్పను. రేకు డబ్బాలో కందిరీగ పడినట్టుండేది. కానీ వీధి వీధంతా ఆ కందిరీగను గుర్తుపట్టేది, ఆయన కూడా దాన్నే తన గొంతు అనుకున్నారు.

అందుకే నువ్వు పంపిన కొత్త పలకలాంటి కంప్యూటర్లో రెడీమేడ్ గొంతులు బోలెడున్నా పనికిరాలేదు. ఒకటి ఎంచి వినిపించాను. వార్తలు చదివేవాడిలా నున్నగా, చొక్కా బొత్తాలన్నీ పెట్టుకున్న గొంతు. మీ తాతయ్య చివరిదాకా విని, తన రాతిపలక అందుకుని, బలపంతో రెండే మాటలు రాశారు: "ఎవడు వీడు?"

కాబట్టి కందిరీగే కావాలి. తెర మీద పెద్ద పెద్ద అక్షరాలు, మీటలు, మొదటి మాట కొట్టగానే మిగతా వాక్యాన్ని ఊహించి తనే పూర్తిచేసే సౌకర్యం, ఇవన్నీ నువ్వు సి ప్లస్ ప్లస్‌లో రాసి పంపావు. ఆ ఊహించే మీట గురించి ఉత్తరంలో రెండు పేజీలు పొగుడుకున్నావు. గొంతు మాత్రం నా పాత సి కోడు. పక్కపక్క ఇళ్ళు, మధ్యగోడ కొట్టి తలుపు పెడితే సరిపోతుంది అనుకున్నాను. ఎన్ని తలుపులు పెట్టలేదు నా ఉద్యోగంలో.

నా ఫైళ్ళు, కోడును యంత్ర భాషలోకి మార్చే కంపైలరుకు ఇస్తే నోరెత్తలేదు. నీవి ఇస్తే వాడకుండా వదిలేసిన వేరియబుల్స్ గురించి కాస్త గొణిగింది. నీ గది ఎలా ఉంటుందో నీ కోడూ అలాగే ఉంది. సరే, అదీ అయ్యింది. రెండింటినీ కలిపే దగ్గర లింకరు అడ్డం తిరిగింది. "పలుకు" అనే ఫంక్షన్ ఎక్కడా లేదంది. మాట పలికించే అసలు ఫంక్షన్ అదే. నా ఫైల్లో నిక్షేపంగా ఉంది, కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను.

మీ అమ్మ బట్టలు ఇస్త్రీ చేస్తూ అడిగింది, "రెండూ బాగానే ఉన్నాయన్నారుగా అత్తయ్యా, మళ్ళీ ఏమొచ్చింది?"

"కంపైలరు ఒక్కో ఫైలునూ విడిగా చూస్తుంది. పలుకు అనేది వేరేచోట ఉంది అని మనం అంటే సరే అని నమ్ముతుంది. చివర్లో లింకరు వచ్చి, ఏదీ ఎక్కడుంది చూపించమంటుంది."

"మా దగ్గర వార్డులో కాగితాలన్నీ సరిగ్గా ఉండి, ఆపరేషన్ థియేటర్ గుమ్మం దగ్గర పేషెంటు చేతి పట్టీ మీద పేరు కలవనట్టన్నమాట."

"అదే."

"మేమైతే పేరొక్కటే చూడం. పుట్టిన తేదీ కూడా చూస్తాం," అంది. ఆ మాట అప్పుడే చెవిన పెట్టి ఉండాల్సింది. ఇస్త్రీ చేసేవాళ్ళ మాట ఎవరు వింటారు.

మొదట దొరికింది చిన్న తప్పు. నా కోడంతా ఒక లైబ్రరీగా మూటగట్టి, లింకు చేసే ఆదేశంలో నీ ఫైలు కంటే ముందు పెట్టాను, వయసులో పెద్దదాన్ని కదా అని. లింకరు ఎడమ నుంచి కుడికి ఒక్కసారే నడుచుకుంటూ పోతుంది. నా మూట దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఎవరూ దాన్ని ఏదీ అడగలేదు, అందుకని ఏమీ తీసుకోకుండా దాటిపోయింది. తర్వాత నీ ఫైలు ఎదురై పలుకు కావాలంది. అప్పటికే మూట వెనకబడిపోయింది. లైబ్రరీని తీసి చివర పెట్టాను. అయినా అదే పాట.

అప్పుడు ఎన్‌ఎమ్ తీశాను. తయారైన ఫైళ్ళ లోపల ఏ పేర్లున్నాయో చూపించే పనిముట్టు అది. నా దాంట్లో `paluku` అని ఉంది, నేను పెట్టిన పేరు పెట్టినట్టే. నీ ఫైలు మాత్రం `_Z6palukuPKci` అనేదాన్ని వెతుకుతోంది. ఇది నీ తప్పు కాదు, నీ భాష అలవాటు. మన ఇంట్లో నలుగురు పిన్నులున్నారు. ఉత్త పిన్నీ అని పిలిస్తే నలుగురూ పలుకుతారని బ్యాంకు పిన్ని, కళ్ళజోడు పిన్ని అని తగిలించి పిలుస్తాం. సి ప్లస్ ప్లస్‌లో ఒకే పేరుతో ఎన్ని ఫంక్షన్లయినా ఉండొచ్చు, కాబట్టి దేనికి ఏ రకం విలువలు ఇవ్వాలో దాన్ని తోకగా తగిలించి పిలుస్తుంది. సి ఇంట్లో పిన్ని ఒక్కతే, తోక అక్కర్లేదు. నువ్వేమో తోకతో సహా పిలుస్తున్నావు, నా ఇంట్లో ఆ పేరుగల మనిషి లేదు.

ఇలా జరుగుతుందని నువ్వు ముందే రాశావు కదా, "లింకరు ఏడిస్తే extern "C" పెట్టు నానమ్మా, నోరు మూస్తుంది" అని. పెట్టాను. నీ ఫైల్లో పలుకు అని ప్రకటించిన చోట దాని ముందు ఆ రెండు ముక్కలూ తగిలించాను, దీన్ని సి పద్ధతిలో తోక లేకుండా పిలవమని అర్థం. మళ్ళీ లింకు చేశాను. లింకరు నోరు మూసింది. ఒక్క అక్షరం అనలేదు. నేను మోకాలి సంగతి మరిచిపోయి మెట్లు దిగి, తాతయ్యకు చెప్పి, ఎక్కి వచ్చాను.

అది గురువారం. సాయంత్రం అందరం భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నాం. మీ తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. పెట్టె ముందు పెట్టుకుని ఒంటి వేలితో కొట్టడం మొదలుపెట్టారు. చాలాసేపు కొట్టారు. ఇంత పెద్ద మాట ఏముంటుందా అని మీ నాన్న మెడ చాచి చూడబోతే తెర పక్కకు తిప్పుకున్నారు. చివరికి మీట నొక్కారు.

మొదటి మాట రబ్బరు బొమ్మను నొక్కినట్టు కీచుమని వచ్చింది. రెండోది బావిలో పడ్డ ఎద్దు రంకె. మూడోది మళ్ళీ కీచు, నాలుగోది ఈల. మీ నాన్న కుర్చీ మీద నిలవలేకపోయాడు. మీ అమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. నేను నవ్వలేదని చెప్పాలని ఉంది కానీ ముగ్గురిలోనూ గట్టిగా నవ్వింది నేనే. ఆయన ఏమన్నారో ఒక్క మాట కూడా ఎవరికీ తెలియలేదు.

మీ తాతయ్య మా ముఖాలు ఒక్కొక్కటే చూసి, పెట్టె ఆపేసి, లేచి కొట్టులోకి వెళ్ళిపోయారు. కళ్ళజోడు కోసమేమో అనుకున్నాం. మేం భోజనం ముగించినా పైకి రాలేదు.

శుక్రవారం పొద్దున్న మళ్ళీ కూర్చున్నాను. తప్పు పట్టుకోవడానికి కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేంత సేపు కూడా పట్టలేదు, అదే నాకు కోపం తెప్పించింది. పలుకు ఫంక్షన్‌కు రెండు ఇవ్వాలి: పలకాల్సిన మాట, గొంతు స్థాయి. స్థాయి దశాంశ సంఖ్యగా వస్తుందని నా కోడు ఎదురుచూస్తుంది. నువ్వు పూర్ణాంకమని ప్రకటించుకున్నావు. నేను ఫోనులో స్థాయికి నూట ఇరవై ఇవ్వమన్నానే గానీ ఏ రకం సంఖ్యో చెప్పేలోపు ఫోను పెట్టేశారు. ఎవరు పెట్టేశారో ఇప్పుడు తేల్చక్కర్లేదు. నువ్వే.

పూర్ణాంకాన్ని యంత్రం ఒక గుమ్మం దగ్గర పెడుతుంది, దశాంశాన్ని ఇంకో గుమ్మం దగ్గర. నువ్వు నూట ఇరవైని ఒక గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళావు. నా కోడు రెండో గుమ్మం దగ్గరికి వెళ్ళి, అంతకు ముందు లెక్కలో ఎవరో వదిలేసిన చెత్త ఏదుంటే అది తీసుకుని, ఇదే కాబోలు స్థాయి అనుకుంది. అందుకే మాటకో గొంతు.

మరి లింకరు ఎందుకు చెప్పలేదంటావా? చెప్పింది. నేను ఆ నోరు మూయించకముందు చెప్పింది. `undefined reference to paluku(char const*, int)` అని, ఏది ఏ రకమో బ్రాకెట్లో పెట్టి మరీ. ఎన్‌ఎమ్ చూపించిన తోక చివర కూడా పూర్ణాంకానికి గుర్తుగా `i` ఉంది. నేను పలుకు అన్నంతవరకు చూసి, మిగతాది నాకు తెలుసులే అని లేచాను. చూశాను, చదవలేదు. extern "C" పెట్టాక ఆ తోకే లేదు, ఇక లింకరుకు పేరు తప్ప పోల్చడానికి ఏమీ మిగల్లేదు. పేరు కలిసింది, ఊరుకుంది. దాని ఊరుకోవడాన్ని నేను ఒప్పుకోవడం అనుకున్నాను.

మందు ఇది, రాసిపెట్టుకో. ఫంక్షన్ ప్రకటనను నీ చేత్తో మళ్ళీ రాసుకోకు. ప్రకటనలు మాత్రమే ఉండే నా హెడరు ఫైలునే నీ ఫైలూ నా ఫైలూ రెండూ చేర్చుకోవాలి. extern "C" ఆ హెడర్లోనే ఉంటుంది, సి ప్లస్ ప్లస్ చదివినప్పుడు మాత్రమే కనబడేలా `__cplusplus` షరతు మధ్య పెట్టాను. నీ చేతిరాత ప్రకటన తీసెయ్యకుండా ఉంచి ఒకసారి కంపైల్ చేసి చూశాను. రెండూ పొసగడం లేదని కంపైలరు వెంటనే కేక పెట్టింది. ఆ కేక వినడం ఎంత హాయిగా ఉందో. నీది కొట్టేశాను, ఇప్పుడు నువ్వు పూర్ణాంకం ఇచ్చినా కంపైలరే దాన్ని దశాంశంగా మార్చి సరైన గుమ్మంలో పెడుతుంది.

ఇదంతా మీ అమ్మకు చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "పేరు కలిసింది కాబట్టి మిగతాదీ కలిసిందనుకుంది. మీరు మామయ్యగారి పలక చదివినట్టు," అంది.

"ఏమన్నావు?"

"ఏమీ లేదత్తయ్యా. డ్యూటీకి వేళయింది," అని చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది.

ఇక నీ రెండో ప్రశ్న. తప్పించుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

కొట్టు జిరాక్స్ ఆయనకు ఇవ్వడానికి తాతయ్య ఒప్పుకున్నారని కిందటి ఉత్తరంలో రాశాను. ఏ మాటల్లో అని నువ్వు అడిగావు. ఈ ప్రశ్న నేనే అడగవలసింది, నాకంటే ముందు నీకు తట్టడం నాకు బాగాలేదు. ఒక్క మాటలో ఒప్పుకున్నారు. "ఇద్దాం" అని.

జరిగింది ఇది. బైండింగుకు వచ్చేవాళ్ళు తగ్గారు, ఆయన ఊరికే అక్కడ కూర్చుని దారాలు సర్దుకుంటున్నారు, ఎవరికైనా ఇచ్చేస్తే పైన వెచ్చగా కూర్చోవచ్చు కదా అని నేను అనుకున్నాను. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. జిరాక్స్ ఆయన ఫోనులో ఉండగానే, "ఏమండీ, కొట్టు ఈయనకు ఇద్దామా?" అని అడిగాను. మీ తాతయ్య పలక మీద "ఇద్దాం" అని రాశారు. నేను ఫోనులో "ఒప్పుకున్నారండీ" అన్నాను. అప్పటికి బలపం ఇంకా కదులుతూనే ఉంది. అది కదలడం నేను చూశాను, కామా. చూస్తూనే పక్క గదిలోకి వెళ్ళి మిగతా విషయాలు మాట్లాడుకున్నాను. సాయంత్రం బజారుకు పోతూ అదే పలక తుడిచి సబ్బు, బల్బు అని రాసుకున్నాను.

తర్వాత జిరాక్స్ ఆయన టేపు పట్టుకుని వచ్చి గోడలు కొలిచాడు. ఆ ఇనుప ప్రెస్సు, పుస్తకాలను అదిమే పెద్ద చక్రం ఉన్నది, అది అడ్డమని, శనివారం తన వ్యాను వస్తుంది, పాత ఇనుము వాళ్ళకు వేసేస్తానని అన్నాడు. నేను సరేనన్నాను. మీ తాతయ్య వచ్చి ప్రెస్సు చక్రం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. జాగ్రత్తగా తియ్యమంటున్నారు అని నేనే అతనికి అర్థం చెప్పాను. ఆయన నా వైపు ఒకసారి చూసి చెయ్యి తీశారు. దాన్నీ నేను నాకు కావలసినట్టే చదువుకున్నాను.

శుక్రవారం పెట్టె చేతబట్టుకుని కొట్టులోకి దిగేసరికి ఆయన ప్రెస్సు కింది సొరుగులు ఖాళీ చేస్తున్నారు. సూదులు ఒక డబ్బాలో, కాగితాలు మడిచే ఎముక బద్దలు ఒక గుడ్డలో. పెట్టె ఆయన ముందు పెట్టి, "ఇప్పుడు చెప్పండి. నవ్వను," అన్నాను.

కొట్టడం మొదలుపెట్టారు. నేను నిలబడి ఉన్నాను. కొడుతూనే ఉన్నారు. చివరికి మీట నొక్కితే కందిరీగ వచ్చింది. రేకు డబ్బాతో సహా, అచ్చంగా అదే.

"ఇంజనీరమ్మా, కూర్చో."

అట్టల కట్ట మీద కూర్చున్నాను. మళ్ళీ కొట్టారు. నాకు రెండుసార్లు మధ్యలో మాట అందించాలనిపించింది, నాలుక పట్టుకున్నాను.

"ఇద్దాం, సగమే అన్నాను. కిటికీ వైపు సగం. ప్రెస్సు వైపు సగం నాది. పలక మీద రాశాను."

"నేను చూడలేదండీ."

"చూశావు. చదవలేదు."

ఆ మాట ఆయనది. పైన లింకరు సంగతి రాస్తూ నాదన్నట్టు వాడేసుకున్నాను.

"నిన్న బల్ల దగ్గర చెప్పింది కూడా ఇదేనా?" అని అడిగాను.

"ఇదే. మీరు బాగా నవ్వారు. నా మాట కాకపోతే నేనూ నవ్వేవాణ్ణి."

"మరి అతను కొలతలు తీస్తుంటే ఆపొచ్చు కదండీ. ప్రెస్సు ఇవ్వనని చెప్పొచ్చు కదా."

దీనికి ఆయన ఎక్కువ కొట్టనక్కర్లేకపోయింది.

"ఏ గొంతుతో?"

ఆయనే నాకు సూదుల డబ్బా అందించారు, మళ్ళీ సొరుగులో సర్దమని. సర్దాను. ఏది ఎక్కడ పెట్టాలో అడిగి, చెప్పేదాకా ఆగి సర్దాను.

ఆ తర్వాత చెప్పులు వేసుకుని జిరాక్స్ ఆయన దగ్గరికి నేనే వెళ్ళాను. ఫోనులో చెప్పేస్తే సులువే, కానీ ఈ పని ఫోనులోనే చెడింది. అతను కౌంటరు వెనకనుంచి, "ఏంటమ్మా ఇది? ఆయన ఒప్పుకున్నారని చెప్పింది మీరే కదా," అన్నాడు.

"నేను చెప్పాను. ఆయన చెప్పలేదు. పొరపాటు నాది."

"వ్యాను మాట్లాడేశాను. ఇక్కడ ఖాళీ చేస్తున్నాను. ఇప్పుడొచ్చి సగమంటే ఎలాగండీ?"

అతని బాధ న్యాయమే. అంతలో వెనకనుంచి కందిరీగ వినిపించింది. మీ తాతయ్య పెట్టె చంకన పెట్టుకుని నా వెనకే నడిచి వచ్చారు. మాట ముందే కొట్టి ఉంచుకున్నారు.

"నీ మిషన్లు రెండే కదా. సగం చాలదా? కాపీలు తీయించుకున్నవాళ్ళు కుట్టించుకోడానికి నా వైపు తిరుగుతారు. నా వాళ్ళు నీ వైపు తిరుగుతారు."

జిరాక్స్ ఆయన పెట్టెను చూశాడు, ఆయన్ను చూశాడు. "సార్ గొంతు ఇదా? మొన్న నేనొచ్చినప్పుడు ఒక్క మాట మాట్లాడలేదు, నేనంటే కోపమేమో అనుకున్నా."

"కోపమే. పెట్టె చెడిపోయి చెప్పలేదు."

అతను పకపకా నవ్వాడు. మాటను చూసి నవ్వాడు, గొంతును చూసి కాదు, మీ తాతయ్యకు ఆ తేడా తెలిసింది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ కిటికీ ఎవరిది, దీపం ఎవరిది అని బేరాలు మాట్లాడుకున్నారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. నా అవసరం లేకుండా అంతసేపు ఒక సంభాషణ జరగడం చూసి కొత్తగా ఉంది. చెడ్డగా లేదు.

ఇవాళ శనివారం, వ్యాను రానే వచ్చింది. వచ్చిన వ్యాను ఖాళీగా పోతే బాగుండదని, మీ నాన్న కొని బట్టలు ఆరేసుకోవడానికి తప్ప వాడని ఆ వ్యాయామం సైకిలు ఎక్కించి పంపాం. మీ అమ్మ రసీదు మీద సంతకం పెట్టింది. మీ నాన్న లేచాక తెలుస్తుంది. జిరాక్స్ ఆయన కిటికీ వైపు గోడకు సున్నం వేయిస్తున్నాడు. ప్రెస్సు ఎక్కడిదక్కడే ఉంది.

నీకు అబద్ధం రాశాను. అబద్ధమని తెలిసి రాయలేదు, కానీ తెలుసుకోవడానికి ఒక్క నిమిషం ఆగలేదు కూడా. నువ్వు అడిగి ఉండకపోతే ఈ ఉత్తరంలో పెట్టె కథ వరకే రాసి ఊరుకునేదాన్నేమో. అడిగినందుకు సంతోషం. ఎక్కువ సంతోషం కాదు, పొంగిపోకు.

మారిన ఫైళ్ళు విడిగా పంపాను. మీ ఆఫీసులో కూడా పాత సి కోడుతో తంటాలు పడుతున్నామన్నావు కదా, ముందు హెడర్లు చూడండి, తర్వాత నోరు మూయించండి.

ఈ చివరి పేజీ కొట్టులోకి దిగి, ఆయన బల్ల మూల కూర్చుని రాస్తున్నాను. ఆయనా నీకు ఒక మాట రాయించాలంటున్నారు. ఒంటి వేలితో కొడుతున్నారు. "కామాకు చెప్పు" అన్నంతవరకు తెర మీద కనబడుతోంది. మిగతాది నాకు తెలుసు, పెట్టె బాగుందని చెప్పమంటారు. ఆ వాక్యం రాసేసి సంతకం పెట్టొచ్చు. అయినా కలం పక్కన పెట్టి కూర్చున్నాను. సున్నం వేసేవాడు ఒక గోడ పూర్తిచేసి రెండో గోడకు వెళ్ళాడు.

ఇదిగో, పలికింది. ఉన్నదున్నట్టు దించుతున్నాను:

"కామాకు చెప్పు. పెట్టె బాగుంది. నా మాట ఊహించి పూర్తిచేసే ఆ మీట మాత్రం తీసెయ్యమను. ఈ ఇంట్లో ఆ ఉద్యోగం ఖాళీ లేదు."

ఇట్లు,
ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చే ఆలోచనలో ఉన్న
మీ నానమ్మ